తాళం వేసిన ఇంట్లో మధ్యాహ్నం కరెంటు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి మంచినీళ్లకు వెళ్లిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. మాది ప్రొద్దుటూరు. చిన్నప్పుడు మా వీధిలో ఒక ఇంట్లో ఏదో తిరుగుతుందని చెప్పుకునేవాళ్లు. మేం ట్యూషన్‌కు వెళ్లింది ఆ ఇంటికే. అక్కడ లెక్కలు తప్ప ఇంకేవీ నన్ను భయపెట్టలేదు.

ఇప్పుడు కూడా నా అభిప్రాయం పెద్దగా మారలేదు. ఇది చదివి ఎవరైనా ఏదో నమ్మాలని రాయడం లేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. ఒక తప్పు కనిపిస్తే అది మళ్లీ వస్తుందా, ఎప్పుడు వస్తుంది, ఏది మారిస్తే పోతుంది అని చూడటమే నా ఉద్యోగం. చందానగర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో జరిగినదాన్ని కూడా అలాగే చూశాను. చూసింది చూసినట్టు చెబుతాను.

అది రెండంతస్తుల విడి ఇల్లు. కింద ఇంటి ఓనరు సత్తెమ్మగారు, ఆమె కొడుకు, కోడలు. పైన నేను, నా భార్య శ్రావణి. కొడుకూ కోడలూ మార్కెట్‌లో స్టీలు సామాన్ల షాపు నడుపుతారు. పొద్దున వెళితే మళ్లీ రాత్రికే. పగలంతా కింద సత్తెమ్మగారు ఒక్కరే ఉంటారు. వాళ్లు అక్కడివాళ్లే, చందానగర్ ఊరుగా ఉన్నప్పటి నుంచీ ఉన్నవాళ్లు. మేం ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఆమెకు మేమిద్దరం బిడ్డలమే.

నా ఆఫీసు మాదాపూర్‌లో. శ్రావణి కూకట్‌పల్లిలో ఒక స్కూల్లో టీచరు. పొద్దున తాళం వేసి ఇద్దరం బయటపడితే సాయంత్రం దాకా పై వాటాలో ఎవరూ ఉండరు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాతదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆ ఎండాకాలం కరెంటు బిల్లు చూసి ఇద్దరం కంగారు పడ్డాం. పగలంతా ఇంట్లో లేనివాళ్లకు అంత కరెంటు ఎలా ఖర్చవుతుందో అర్థం కాలేదు. ఆఫీసులో ఒకతను, తన ఇంట్లో పెట్టుకున్న ఎనర్జీ మానిటర్ గురించి చెప్పాడు. గుప్పెడంత డబ్బా. దాని నుంచి వచ్చే చిన్న క్లిప్పును మెయిన్ వైరుకు తగిలిస్తే, ఇంట్లోకి ఎంత కరెంటు వస్తోందో ఫోన్‌లో ఎప్పటికప్పుడు ఒక గీతలా కనిపిస్తుంది. తెప్పించాను. కాలనీ ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు పెట్టె తెరిచి బిగించి వెళ్లాడు.

మొదటి నెల అది నాకు ఒక ఆటలా అయింది. ఏది వేస్తే గీత ఎలా కదులుతుందో కనిపెట్టడం. గీజర్ వేస్తే గోడలా నిటారుగా లేస్తుంది. మిక్సీ ముల్లులా పొడుచుకొచ్చి దిగిపోతుంది. ఫ్రిజ్ లేచి, కాసేపు నిలబడి, మెల్లగా పడుతుంది. మా ఫ్రిజ్ గీత మాత్రం దిగడమే లేదు. తలుపు రబ్బరు పాడైపోయి చల్లదనమంతా బయటికి పోతోందని అలా తెలిసింది. రబ్బరు మార్పించాం. టీవీ డబ్బా ఇరవై నాలుగు గంటలూ కరెంటు తాగుతోంది. దానికి వేరే స్విచ్ పెట్టించాను. నేను స్నానం చేసిన తర్వాత గీజర్ ఆపకుండా వచ్చేస్తున్నానని శ్రావణి ఎప్పటి నుంచో అంటోంది. ఫోన్‌లో చూశాక ఒప్పుకోక తప్పలేదు.

బిల్లు తగ్గింది. నాకు గర్వంగా ఉండేది. ఆఫీసులో కూర్చుని ఇంటి గీత చూసి, ఫ్రిజ్ ఇప్పుడు పని చేస్తోంది, ఇప్పుడు ఆగింది అని చెప్పగలిగేవాణ్ని. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు నడకా నాకు తెలిసిపోయింది.

అందుకే తెలియనిది ఒకటి రాగానే వెంటనే పట్టేశాను.

వారం మధ్యలో ఒక రోజు, భోజనం చేసి వచ్చి డెస్క్ దగ్గర ఫోన్ తీశాను. ఫ్రిజ్ ఆగి ఉంది. అయినా గీత నేల మీద లేదు. ముందు సన్నటి మెట్టు ఒకటి, చిన్న బల్బు వేసినంత. దాని మీద మధ్యమధ్య గుబ్బలు. ఒక గుబ్బ పొడుగ్గా సాగి ఆగింది. తర్వాత రెండు పొట్టివి. కాస్త విరామం. మళ్లీ పొడుగుది. చాలాసేపు అలా సాగి, గుబ్బలు ఆగిపోయాయి. ఆ తర్వాత సన్నటి మెట్టు కూడా పడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

యంత్రాలు వాటంతట అవి నడిచినప్పుడు ఒక పద్ధతిలో నడుస్తాయి. ఫ్రిజ్ అయినా, గీజర్ అయినా ఒకటే వరస. ఈ గీతకు అలాంటి వరస లేదు. ఆగడం, ఆలోచించడం, మళ్లీ మొదలుపెట్టడం. ఎవరో కూర్చుని వాడుతున్నట్టు ఉంది. నాకు మానిటర్ సంగతి చెప్పిన అతనికి చూపిస్తే అతనూ అదే మాట అన్నాడు, ఇంట్లో ఎవరున్నారని అడిగాడు.

ఎవరూ లేరు. తాళం మా దగ్గరే ఉంది.

నాకు ముందు వచ్చిన అనుమానం చెప్పుకోవడానికి బాగుండదు కానీ చెబుతాను. కింద వాటాకు మా మీటరు నుంచి ఏదైనా లైను వెళ్తోందేమో అనుకున్నాను. పెద్దమ్మను అడగొద్దని శ్రావణి అంది. అడగలేదు. ఎలక్ట్రీషియన్‌నే మళ్లీ పిలిచాను. అతను బోర్డులన్నీ విప్పి చూశాడు. పై లైను పైకే ఉంది, కింద లైను కిందికే ఉంది. క్లిప్పు పక్క వైరుకు దగ్గరగా ఉంటే తప్పు చూపించవచ్చని దాన్ని జరిపి పెట్టాడు. తేడా రాలేదు. కంపెనీవాళ్లకు రాస్తే కొత్త పరికరం పంపించారు. అందులోనూ మధ్యాహ్నం ఆ గీత వచ్చింది.

ఇంకొకటి గమనించాను. ఆదివారాలు రాదు. మాలో ఎవరికి జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నా ఆ రోజు రాదు. ఇల్లు ఖాళీగా ఉంటేనే వస్తుంది.

చివరికి ఒక రోజు సెలవు పెట్టాను. శ్రావణి స్కూలుకు వెళ్లాక మెయిన్ స్విచ్ దించేసి, ఇంటికి తాళం వేసి, కిందికి దిగి గేటు పక్కన మీటరు దగ్గర నిలబడ్డాను. మా వైఫై, ఆ మానిటర్ డబ్బా ఇన్వర్టర్ మీద నడుస్తాయి కాబట్టి ఫోన్‌లో గీత కనిపిస్తూనే ఉంటుంది. మెయిన్ దించేశాక వైరులో కరెంటే ఉండదు. గీత నేలకు అతుక్కుని ఉండాలి.

మధ్యాహ్నం గీత లేచింది. సన్నటి మెట్టు, దాని మీద గుబ్బలు. మీటరు వంక చూశాను. కరెంటు వాడితే మిణుకు మిణుకుమనే ఎర్ర దీపం దానికి ఉంటుంది. అది వెలగలేదు. మీటరు లెక్కలో ఆ కరెంటు లేదు. మానిటర్ లెక్కలో ఉంది.

పైకి వెళ్లి తాళం తీశాను. తలుపు తోస్తుండగానే ఫోన్‌లో గీత పడిపోయింది. లోపల రెండు గదులూ, వంటిల్లూ పొద్దున ఎలా వదిలామో అలాగే ఉన్నాయి. భయం వేయలేదు. కానీ గడప దాటకుండా కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరి పనికో అడ్డం వచ్చినట్టు అనిపించింది. ఎందుకు అలా అనిపించిందో చెప్పలేను.

శ్రావణికి చెబితే ఇల్లు మారదామంటుందని అనుకున్నాను. ఆమె తీరే వేరు. అన్నం కలుపుకుంటూ అంతా విని, "బిల్లులో రాకుంటే మనదేం పోతుంది? దాని పాటికి దాన్ని ఉండనీ," అంది.

నేను ఉండనివ్వలేకపోయాను. తర్వాతి రోజు ఆఫీసులో ఆ గీత కదలడాన్ని ఫోన్‌లో వీడియోగా పట్టుకున్నాను. శనివారం పొద్దున పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చున్నాను. వైరింగ్ పాతదా, పైన ఇంతకు ముందు ఏమైనా మోటార్లు ఉండేవా అని అడిగాను. ఎందుకని అడిగింది. వీడియో చూపించాను. ఏదైనా వాడితే గీత పైకి లేస్తుంది, ఆపితే పడుతుంది, అంతే అని చెప్పాను.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. అద్దాలు లేవు, దూరంగా పట్టుకుని చూసింది. వీడియో అయిపోయింది. మళ్లీ పెట్టమంది. రెండోసారి చూస్తున్నప్పుడు గమనించాను, గీత లేచినప్పుడల్లా ఆమె కుడికాలి మునివేళ్లు నేలను నొక్కుతున్నాయి. గీత పడితే వదులుతున్నాయి.

"గిది కుట్టుమిషన్ గదా బిడ్డ," అంది. "మా చెల్లె మిషన్."

అప్పటివరకు ఆమెకు ఒక చెల్లెలు ఉండేదని మాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ఆమె పేరు కళావతి. భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చేసింది. పై వాటాలో, మేం బట్టల బీరువా పెట్టుకున్న గదిలో కిటికీ పక్కన మోటారు మిషన్ వేసుకుని ఆ వీధి ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. పగలైనా ఆ గదిలో వెలుతురు తక్కువ. మిషన్ మీద చిన్న బల్బు వేసుకునేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్క కింద నడుం వాలిస్తే, పైన చెల్లెలు మిషన్ ఎక్కేది. స్లాబు గుండా ఆ చప్పుడు వింటూ పెద్దమ్మ నిద్రపోయేది. ఏ చప్పుడు పొడుగు కుట్టో, ఏది చేతుల దగ్గర తిప్పుతూ కుట్టేదో పడుకునే చెప్పగలిగేదట.

తర్వాత కళావతికి గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది కానీ మాట పోయింది. అప్పటి నుంచి అక్క కింద నుంచి ఏమైనా అడిగితే ఆమె మిషన్‌తోనే జవాబు చెప్పేది. ఛాయ్ పెట్టనా అంటే, ఒక్కసారి కాలు నొక్కితే సరేనని. రెండుసార్లు నొక్కితే వద్దని. అక్క మాట వినిపించగానే కుడుతున్నది ఆపేదట, మాట పూర్తయ్యాక మొదలుపెట్టేదట.

జబ్బు తిరగబెట్టింది. దవాఖానలో చివరి రోజుల్లో నొప్పికి మెలికలు తిరిగిపోయేది. నోరు లేదు, అరవడానికి కూడా లేదు. ఒక పొద్దున పెద్దమ్మ స్నానం చేసి బట్టలు తెచ్చుకుందామని ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్లేసరికి అయిపోయింది. నిద్రలోనే పోయిందని నర్సు చెప్పింది. లేదమ్మా, చాలా బాధపడిందని పక్క మంచం వాళ్లు చెప్పారు. ఏది నిజమో తేల్చుకోలేక పెద్దమ్మ ఇన్నాళ్లూ అలాగే ఉండిపోయింది. మిషన్‌ను ఆ నెలలోనే చుట్టాలమ్మాయికి ఇచ్చేశారు.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. చిక్కుడుకాయలు వలుస్తూనే చెప్పింది.

నేను పైకి వచ్చి శ్రావణికి చెప్పాను. ఆమె ఆ ఆదివారం మా వీధి చివర టైలర్ షాపు ఆవిడను అడిగి మోటారు మిషన్ ఒకటి తెప్పించింది. పెళ్లికి ముందు తన అమ్మ దగ్గర కొంచెం కుట్టు నేర్చుకుని ఉంది. ఆ గదిలోనే కిటికీ దగ్గర పెట్టుకుని, బల్బు వేసుకుని, పాత చీర ముక్కకు అంచు కుట్టింది. నేను హాల్లో కూర్చుని ఫోన్ చూశాను. సన్నటి మెట్టు. దాని మీద గుబ్బలు. ఎత్తు దాదాపు అంతే. ఆకారం అదే. శ్రావణి కుట్టులో తడబాటు ఎక్కువ, మధ్యాహ్నం గీతలో తడబాటు లేదు, అంతే తేడా.

ఇది రుజువు అని అనను. అలాంటి చిన్న మోటారు ఏది నడిచినా గీత అలాగే ఉండవచ్చు. కానీ మెయిన్ దించేసిన ఇంట్లో ఏ మోటారు నడుస్తుంది?

రెండు రోజుల తర్వాత పెద్దమ్మ పైకి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లు ఎక్కడం తక్కువ. మేమిద్దరం పనులకు బయలుదేరడానికి తయారవుతున్నాం. తాళంచెవి ఇచ్చి వెళ్లమంది. మధ్యాహ్నం ఆ గదిలో కాసేపు కూర్చుంటానంది. ఇంట్లో మనిషి ఉంటే అది రాదు పెద్దమ్మా అని చెప్పాను. "మీరుంటే రాదు. నేనుంటే సూద్దాం," అంది. ఫోన్ చేస్తానని, గీత చూసి చెప్పమని అడిగింది.

ఆ మధ్యాహ్నం మాదాపూర్ ఆఫీసులో, ఫోన్ మాట్లాడుకోవడానికి ఉండే చిన్న అద్దాల గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఫోన్ చెవి దగ్గర. గీత లాప్‌టాప్‌లో. ఆమె గదిలో కింద చాప వేసుకుని కూర్చున్నానంది. ఫ్యాన్ కూడా వేయలేదంది. బయట ఉల్లిగడ్డల బండి మైకు నాకు ఫోన్‌లో వినిపిస్తోంది. మిగతా వస్తువులన్నీ ఆపించాను. గీత నేల మీద ఉంది.

చాలాసేపు ఏమీ రాలేదు. లేచి పనికి వెళ్దామా అనుకుంటున్నాను. అప్పుడు సన్నటి మెట్టు లేచింది.

వచ్చింది పెద్దమ్మా, లైటు వేసినట్టుంది అన్నాను. గదిలో ఏమైనా వెలుగు కనిపిస్తోందా అని అడిగాను. ఏమీ లేదంది. చప్పుడు? లేదంది. గుబ్బలు మొదలయ్యాయి. పొడుగ్గా ఒకటి, ఇంకొకటి. కుడుతోంది అని చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. గీత కదులుతోంది అనాలి నిజానికి.

పెద్దమ్మ మెల్లగా పిలిచింది. "కళా."

గుబ్బ మధ్యలోనే ఆగింది.

ఇది రాస్తున్నప్పుడు కూడా జాగ్రత్తగా రాస్తున్నాను. ఆ యాప్‌లో గీత ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా కదులుతుంది. ఆమె పిలిచిన వెంటనే కాదు, ఆ కొద్ది ఆలస్యం తర్వాత గుబ్బ పడి, సన్నటి మెట్టు మీద నిలబడింది. అనుకోకుండా కలిసి ఉండవచ్చు. ఆమెకు చెప్పాను, ఆగిందని. కాసేపటికి మళ్లీ కుట్టు మొదలైంది. మళ్లీ పిలిచింది. మళ్లీ ఆగింది. రెండోసారి కూడా కలిసి వచ్చిందనుకోవచ్చు.

తర్వాత ఆమె నాతో కాకుండా గదితో మాట్లాడింది. ఫోన్ పక్కన పెట్టిందనుకుంటాను, గొంతు దూరమైంది. కోడలి గురించి ఏదో చెప్పింది. తన మోకాళ్ల గురించి చెప్పింది. పైన కిరాయికి ఉన్న పిల్లలు మంచోళ్లని చెప్పింది. ఆమె మాట్లాడినంతసేపూ గీత సన్నటి మెట్టు మీదే ఉంది. ఇల్లు గురించో, కొడుకు గురించో ఏదైనా సలహా అడుగుతుందేమో అనుకున్నాను. అలాంటివేవీ అడగలేదు.

కొంచెం ఆగి అడిగింది. "ఇంకా నొస్తుందానె కళా?"

నేను తెర మీద నుంచి కళ్లు తీయలేదు. సన్నటి మెట్టు అలాగే ఉంది. ఆమె మళ్లీ అడగలేదు. తర్వాత ఒక పొట్టి గుబ్బ లేచి పడింది. ఒకటంటే నొప్పి ఇంకా ఉన్నట్టే. వెంటనే ఇంకొకటి లేచి పడింది.

అంతే. తర్వాత ఏమీ లేదు.

ఆమె ఫోన్ తీసుకున్నట్టుంది. "ఎన్ని బిడ్డ?" అని అడిగింది.

"రెండు పెద్దమ్మా," అన్నాను.

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. బండి మైకు వేరే వీధిలోకి వెళ్లిపోయింది. తర్వాత ఆమె మళ్లీ మాట్లాడింది. నాతో కాదు. ఎన్నో మధ్యాహ్నాలు అన్న మాటలా, విసుక్కుంటున్నట్టే అంది. "ఇగ చాల్తీయ్. కండ్లు గుంజుతయ్. లైట్ బంద్ జేసి లెవ్వు."

తెర మీద సన్నటి మెట్టు పడిపోయింది. గీత నేలకు వచ్చి, అక్కడే ఉండిపోయింది.

నేను సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తాళంచెవి మా గుమ్మం పక్కన మేకుకు తగిలించి ఉంది. గదిలో చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. పెద్దమ్మ కింద వాకిట్లో కోడలితో మామూలుగా మాట్లాడుతోంది. నన్ను చూసి తల ఊపింది, అంతే. ఆ విషయం ఆమె తన కొడుకుకు చెప్పలేదు. నాతో కూడా మళ్లీ ఎత్తలేదు.

ఆ గీత మళ్లీ రాలేదు. నెలలు చూశాను. ప్రతి మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫోన్ తీసేవాణ్ని. ఫ్రిజ్ లేచేది, పడేది. దాని కింద నేల ఖాళీ. చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది కానీ ఆ ఖాళీ చూస్తే నాకు వెలితిగా ఉండేది. కరెంటు వృథా కాకూడదని పెట్టిన పరికరం అది. వృథా ఏమీ లేదని చూపిస్తుంటే సంతోషించాలి.

తర్వాత శ్రావణి స్కూలుకు దగ్గరగా ఉంటుందని కూకట్‌పల్లికి మారాం. అదే మానిటర్ ఇక్కడా పెట్టాను. ఇక్కడ ఉన్నవే చూపిస్తోంది, లేనివి చూపించడం లేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. పక్కింటి మోటారు ప్రభావం అనుకుందాం, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే ఎందుకు వస్తుంది? పరికరంలో తప్పు అనుకుందాం, రెండో పరికరంలోనూ అదే తప్పు ఎలా ఉంటుంది? ఇవన్నీ ఎలాగోలా సర్దుకున్నా, చివరి మధ్యాహ్నం మాత్రం సర్దుకోదు. క్లిప్పుకు చెవులు లేవు. మనిషి మాటకు ఆగడానికి, ప్రశ్నకు జవాబు చెప్పడానికి అందులో ఏమీ లేదు. నా దగ్గర మిగిలిన వీడియో అంతకు ముందుది. ఆ రోజుది పట్టుకోలేదు. యాప్ పాత లెక్కల్ని నిమిషాలకు కుదించి దాస్తుంది కాబట్టి ఆ రెండు పొట్టి గుబ్బలు అందులో విడిగా కనపడవు. వాటిని చూసింది నేనొక్కణ్నే.

శ్రావణి ఈ మధ్య ఒకసారి అడిగింది. బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "రెండు కాకుండా ఒకటే వచ్చింటే ఆమెకు ఏం చెప్పేవాడివి నువ్వు?"

నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా రెండనే చెప్పేవాణ్నేమో. ఆ గొంతు విన్నవాడు ఎవడైనా అదే చెబుతాడు. ఇది ఒప్పుకున్నాక నా మాటకు సాక్ష్యంగా విలువ తగ్గుతుందని తెలుసు. తగ్గనివ్వండి.

కానీ అబద్ధం చెప్పే అవసరం నాకు రాలేదు. వచ్చినవి రెండే. ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.